ఏం చెప్పలే

పాప చెప్పులు విడుస్తూ గడప దగ్గరే చెప్పింది. "అమ్మా, నేను మొగ్గ."

దాని మొహంలో సంతోషమే ఉంది. టీచర్ గులాబీరంగు కాగితంతో మొగ్గలు కత్తిరించి గోడకు అంటించిందట. వాటిలో ఒకదాని మీద తన పేరు ఉందట. మూడో తరగతి పిల్లకు అంతకంటే ఏం కావాలి? నేను మాత్రం చేతిలోని చాట కింద పెట్టి, "మరి పూలెవరు?" అని అడిగాను.

"పూలు కంప్యూటర్ రూముకు పోతరు. మొగ్గలు టీచర్ కాడనే కూసొని అక్షరాలు దిద్దుతరు."

"ఎన్ని రోజులు?"

"ఏమో." పాప సంచీ మూలకు విసిరి నానమ్మ దగ్గరికి పరుగెత్తింది.

ఆ కంప్యూటర్ గదిని చూసే నేను పాపను ఆ బడిలో వేశాను. నారాయణఖేడ్ చివర, కొత్త ప్లాట్లు పడిన వైపు, మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న సర్కారు బడి అది. అంతకుముందు రెండేళ్లు బస్టాండ్ దగ్గరి ప్రైవేటు బడికి పంపాం. అక్కడ మా పాప టై కట్టుకోవడం నేర్చుకుంది, మిగతాది నేను ఇంట్లో నేర్పాను. పోయిన వేసవిలో సర్కారు బడిలో పాత స్టోర్ గది ఒకటి బాగుచేశారు. కిటికీలకు జాలీ వేసి, గోడలకు నీలం రంగు కొట్టి, వరుసగా కంప్యూటర్లు, ఒక్కోదానికి ఒక హెడ్‌ఫోన్ పెట్టారు. మండలంలో కొన్ని బళ్లకే ఈ అవకాశం వచ్చిందన్నారు. మోటార్ వైండింగ్ షాపు నడిపే మా ఆయన ఆ గది చూసి వచ్చి, "మేం చదివినప్పుడు గా బడిల సుద్దముక్కకు గూడ దిక్కు లేకుండె. ఇగ జూడు" అన్నాడు. ఆయనకు కొత్త మిషన్ ఏది కనిపించినా అది మంచిదే. నేను ఉచితంగా వచ్చిన దేన్నయినా తిప్పి వెనకవైపు చూసే మనిషిని.

వానాకాలం మొదట్లో తల్లిదండ్రులను మీటింగ్‌కు పిలిచారు. పిల్లల బెంచీల మీద మోకాళ్లు పైకి పెట్టుకుని కూర్చున్నాం. హెడ్ సార్ లేచి, రేపటి కాలానికి పిల్లలను తయారు చేయాలని చాలాసేపు చెప్పాడు. "మీ పిల్లలు పెద్దగయ్యేసరికి ఎసొంటి నౌకర్లు ఉంటయో ఇయ్యాల మనకు పేర్లు గూడ తెల్వయ్" అన్నాడు.

వెనక నుంచి ఒకామె, "పేరే తెల్వని నౌకరికి ఇప్పటి సంది ఏం నేర్పుతరు సార్?" అంది. హెడ్ సార్ నవ్వి, మెడలో కార్డు వేసుకున్న ఒక అబ్బాయిని ముందుకు పిలిచాడు. హైదరాబాద్ నుంచి వచ్చాడట. కంప్యూటర్ పిల్లలకు బొమ్మలు చూపిస్తుంది, పిల్లలు పేర్లు చెబుతారు, తర్వాత చిన్న వాక్యాలు చదువుతారు, కంప్యూటర్ విని ఎవరు ఎక్కడున్నారో తేలుస్తుంది, దాన్ని బట్టి పాఠాలు ఇస్తుంది. అందుకు పిల్లల గొంతు రికార్డు అవుతుంది. ఈ కాగితం మీద మీరు సంతకం పెట్టాలి. ఇదీ అతను చెప్పింది.

నేను నిలబడ్డాను. "మా పిల్లల గొంతులు ఎక్కడ దాస్తరు?"

"సర్వర్ల ఉంటయ్ మేడం. సేఫ్."

మనూర్ వైపు తండా నుంచి మనవరాలి కోసం వచ్చిన ఒక ముసలాయన తలపాగా సర్దుకుంటూ అడిగాడు. "సర్వర్ అంటే హోటల్ల ఉంటడు గదా సారూ. ఛాయ్ తెచ్చేటోనికి పిల్లల గొంతులెందుకు?"

గదంతా నవ్వింది. హెడ్ సార్ కూడా కళ్లు తుడుచుకునేంత నవ్వాడు. ఆ నవ్వులో నా ప్రశ్న కొట్టుకుపోయింది. నేను నిలబడే ఉన్నాను. నవ్వు ఆగాక హెడ్ సార్ నా వైపు ఒకసారి చూసి, "ఇంకేమన్న ఉందా అమ్మా?" అన్నాడు. ఏమీ లేదని కూర్చున్నాను. సంతకం పెట్టని వాళ్ల పిల్లలు ఆ గదిలోకి పోరని టీచర్ మెల్లగా చెప్పింది. పెట్టాను. కానీ ఆ చూపు నాకు గుర్తుండిపోయింది.

ఆ కంప్యూటర్ పరీక్షకు వారం రోజుల టైమ్ ఉంది. ఆ వారం నేనేం చేశానో దాచుకోకుండా రాయాలి.

నా డిగ్రీ చివరి ఏడాది మా కాలేజీకి ఫోన్లలో మాట్లాడే ఉద్యోగాలకు మనుషులను తీసుకుంటామని ఒక కంపెనీ వాళ్లు వచ్చారు. తెలుగులోనే మాట్లాడాలి, నీ ఇంటి గురించి చెప్పు అన్నారు. నేను మా దర్వాజ ముందున్న మల్లె చెట్టుతో మొదలుపెట్టాను. ఎదురుగా కూర్చున్నావిడ పక్కనున్న ఆయన వైపు తిరిగి "దర్వాజ" అని ఒకసారి పలికి, పెదవి మూలతో నవ్వింది. చెడ్డ నవ్వు కూడా కాదు. ఆ తర్వాత నేనేం మాట్లాడానో నాకు గుర్తులేదు. జాబితాలో నా పేరు లేదు. నాతో పాటు జాబితాలో లేని వాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లెవరూ దర్వాజ అనలేదు. అయినా నాకు కారణం అదొక్కటే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకని ఒక నోట్‌బుక్ తీసి మధ్యలో గీత గీశాను. ఎడమ వైపు ఇంటి మాట, కుడి వైపు బడి మాట. దర్వాజ, తలుపు. ఉల్లిగడ్డ, ఉల్లిపాయ. ఆలుగడ్డ, బంగాళాదుంప. ఛత్రి, గొడుగు. దవాఖాన, ఆసుపత్రి. మా అత్త పుట్టింది కంగ్టి అవతల, కర్ణాటక సరిహద్దు మీద ఉన్న ఊళ్లో. ఆమె కందులను తొగర్లంటుంది, పాప కూడా అదే అంటుంది. అది కూడా రాశాను. రోజూ బడి నుంచి రాగానే పాపను కూర్చోబెట్టి ఎడమ వైపు మాట నేను చెబితే కుడి వైపు మాట అది చెప్పాలి. ఎడమ వైపు మాట నోటి నుంచి వస్తే మళ్లీ మొదటి నుంచి.

మూడో రోజు మా అత్త వెల్లుల్లి ఒలుస్తూ వింటూ వింటూ, "ఏమే, ఎడమ దిక్కువి అన్ని నా మాటలేనా?" అంది.

"బడి కోసం అత్తమ్మా."

"మంచిగున్నది. నేను గూడ ఎడమ దిక్కుకే పోయి కూసుంట." వెల్లుల్లి గిన్నె తీసుకుని నిజంగానే గదిలో ఎడమ మూలకు జరిగింది. పాప పకపకా నవ్వింది. నేను నవ్వలేదు, పదాలు ఇంకా మిగిలి ఉన్నాయి.

పరీక్ష అయిన సాయంత్రం పాపను అడిగాను. "మిషిన్‌కు ఏం చెప్పినవ్ బిడ్డా?"

"ఏం చెప్పలే."

పిల్లలు ఏ ప్రశ్నకైనా ఆ జవాబే ఇస్తారు. బడిలో ఏం చేసినవంటే ఏం చేయలే, ఏం తిన్నవంటే ఏం తినలే. బాగానే చెప్పి ఉంటుందనుకుని వదిలేశాను. తర్వాత రెండు రోజులకే మొగ్గల సంగతి వచ్చింది.

ఆ రాత్రి నుంచి సోమవారం వరకు నా బుర్రలో తిరగని అనుమానం లేదు. మొదటిది, మీటింగ్‌లో నేను ప్రశ్న అడిగాను కాబట్టి హెడ్ సార్ పాపను పక్కన పెట్టించాడు. రెండోది, కంప్యూటర్లు అందరికీ చాలవు, ఎవరో ఒకరిని తప్పించాలి, తప్పించడానికే ఈ పరీక్ష. మొగ్గలు, పూలు అని ముద్దు పేర్లు పెట్టడం కూడా అందుకే. తెలివి తక్కువ పిల్లలని రాస్తే తల్లులు గొడవకు వస్తారు, మొగ్గ అంటే పిల్లలే నవ్వుకుంటూ వచ్చి చెబుతారు. ఒకసారి మొగ్గ అని ఆ సర్వర్‌లో పడితే ఆరో తరగతికి పోయినా, పదికి పోయినా మొగ్గగానే ఉంటుందేమో. ఆ గది కోసమే తెచ్చి వేసిన బడిలో ఆ గది గుమ్మం బయట మిగిలిపోతుందేమో. ఎవరిని అడగాలి?

పక్కింటి ఆపా కూతురు మా పాప తరగతే. ఆ పిల్ల పువ్వు. వాళ్లింట్లో మాట్లాడేది ఉర్దూ. తెలుగు పరీక్షలో ఆ పిల్ల పువ్వు, మా పిల్ల మొగ్గ ఎట్లా అయింది? శనివారం గోడ దగ్గర ఆపా బట్టలు ఆరేస్తుంటే ఏమీ తెలియనట్టు అడిగాను. "మీ పాపకు ఎవరన్న నేర్పిండ్రా ఆపా, పరీక్షకు?"

"నేనేం నేర్పుత? నాకే రాదు." ఆపా దుప్పటి దులిపి తీగ మీద వేసింది. "ఉల్లిగడ్డ బొమ్మ వస్తే మా పిల్ల ప్యాజ్ అన్నదంట. ఎర్ర లైటు వచ్చిందంట. మళ్ల ఉల్లిగడ్డ అన్నదంట. ఇంటికొచ్చి ఒకటే నవ్వుడు."

"ఎర్ర లైటు వస్తే భయపడలేదా?"

"ఆటే గదా వాళ్లకు. నువ్వెందుకు గంత పరేషాన్ అయితవ్? మీ పాప మస్తు తెలివిగల్లది."

నేను లోపలికి వచ్చాను. ఆపా ఏదో దాస్తోందని అనిపించింది. హెడ్ సార్‌కు ఆపా వాళ్ల ఆయన తెలుసని, దుకాణం దగ్గర ఇద్దరూ మాట్లాడుతుంటే నేను చూశానని కూడా గుర్తొచ్చింది. మా ఆయనకు చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ అంతా విని, "ఇంట్ల కూసొని కేసు నడపకు. పోయి అడుగు" అన్నాడు.

సోమవారం వెళ్లాను. మా అత్త కూడా చెప్పులు వేసుకుని బయల్దేరింది. "నా మనమరాలిని మొగ్గ అన్న మిషిన్ ఎట్లుంటదో జూస్త" అంది.

టీచర్ నా కంటే చిన్నది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. నీలం గదిలోకి తీసుకెళ్లి ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. నేను ముందే అనుకుని వచ్చిన మాటలన్నీ వరుసగా అన్నాను. ఎవరు పెట్టారు, దేన్ని చూసి పెట్టారు, నాకు చూపించాలి.

"చూపిస్త అక్కా. చూపిచ్చుడు కాదు, వినిపిస్త" అని టీచర్ హెడ్‌ఫోన్ నా చేతికి ఇచ్చింది. "పన్నెండు బొమ్మలు ఉంటయ్. ఒక్కో బొమ్మకు చిన్న టైమ్ ఉంటది. మీ పాప నాలుగు చెప్పింది. మిగతయి మీరే వినుండ్రి."

చెవులకు పెట్టుకున్నాను. మొదట ఫ్యాన్ చప్పుడు. దూరంగా పిల్లలు ఎక్కాలు చదువుతున్న గొంతులు. తెర మీద పిల్లి బొమ్మ వచ్చింది. "పిల్లి" అంది మా పాప, గట్టిగా. ఆవు. "ఆవు." తర్వాత ఉల్లిగడ్డ బొమ్మ. ఫ్యాన్ చప్పుడు. పాప ఊపిరి. "ఉల్లి" అని సగం మాట, ఆగిపోయింది. బొమ్మ పక్కన గుండ్రటి గీత మెల్లగా చెరిగిపోతూ వచ్చింది, పూర్తిగా పోయింది. తలుపు బొమ్మ. "ద" అంది. ఆగి, "త" అంది. మళ్లీ ఏమీ లేదు. గొడుగు. ఊపిరి. ఆలుగడ్డ. ఊపిరి. కందికాయల బొమ్మ వచ్చినప్పుడు అది కూడా లేదు. ఊపిరి బిగబట్టి కూర్చుందనుకుంటాను.

ఏం చెప్పలే అంది పాప. నిజమే చెప్పింది. అది చెప్పిన నిజాన్ని నేను పిల్లలు మామూలుగా అనే మాట అనుకున్నాను.

హెడ్‌ఫోన్ తీసి టీచర్‌ను అడిగాను. "ఉల్లిగడ్డ అంటే మిషిన్ తప్పు అంటదా?"

"ఎందుకంటది అక్కా? ఉల్లిగడ్డ అన్నా పచ్చ లైటే, ఉల్లిపాయ అన్నా పచ్చ లైటే. దర్వాజ అన్నా తీసుకుంటది. మన దిక్కు పిల్లల కోసం చేసిందే గదా."

మా అత్త నన్ను చూసింది.

టీచర్ పాపను పిలిపించింది. రెండోసారి చెప్పించవచ్చు, పిల్లలు మొదటిసారి భయపడతారని అట్లా పెట్టారు అంది. పాప వచ్చి కుర్చీ ఎక్కి నా వైపే చూస్తూ కూర్చుంది. హెడ్‌ఫోన్ పెడుతున్నా నా వైపే. నేను దాని ముందు వంగి, "ఏ మాట వస్తే గా మాట చెప్పు బిడ్డా" అన్నాను.

"ఎడమదా, కుడిదా?"

టీచర్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. "ఏదన్న పర్లేదు" అన్నాను. పాప నమ్మలేదు. వారం రోజులు ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకొకటి చెబుతున్న మనిషిని ఎవరు నమ్ముతారు? నాలోంచే వచ్చిన పిల్ల, దానికీ అనుమానమే.

"మీరు జర బయట నిలబడుండ్రి అక్కా" అంది టీచర్. "మీ దిక్కే చూస్తుంది."

నన్నే ఎందుకు పంపుతున్నారని ఆ క్షణంలో కూడా అనుకున్నాను. అత్తను ఉండమన్నారు. బయటికి వచ్చి కిటికీ జాలీ పక్కన, లోపలికి కనిపించకుండా నిలబడ్డాను. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత మా అత్త గొంతు. "ఏందే అది, మన ఇంట్ల లేదా? పొద్దుగాల నువ్వే గదా తెరిచింది." పిల్ల చిన్నగా నవ్వింది. తర్వాత గోడ అవతలి నుంచి వరుసగా వినపడ్డాయి. "దర్వాజ." "ఛత్రి." "ఆలుగడ్డ." "ఉల్లిగడ్డ." ఒక్కో మాటకూ గొంతు పెరుగుతోంది. ఎడమ వైపు పేజీ మొత్తం అది ఒక్కటొక్కటిగా వెనక్కి తెచ్చుకుంటున్నట్టు ఉంది. "తొగర్లు" అని చివరికి దాదాపు అరిచింది.

ఒక్క క్షణం ఆగి మా అత్త, "ఎర్రగెందుకొచ్చిందే?" అంది.

లోపలికి వెళ్లేసరికి ఆమె తెర ముందు వంగి కందికాయల బొమ్మను వేలితో పొడుస్తోంది. "గివి తొగర్లు గాక మరేంది? దీనికి తెల్వదా?"

"దానికి ఇంకా తెల్వదమ్మా. పిల్లలు అంటుంటే అంటుంటే నేర్చుకుంటది" అంది టీచర్ నవ్వుతూ.

"అట్లయితే నేను రోజు వచ్చి చెప్త."

పన్నెండింటిలో పదకొండు పచ్చగా ఉన్నాయి. వాక్యాలు కూడా పాప తడుముకోకుండా చదివింది. టీచర్ గోడ దగ్గరికి వెళ్లి గులాబీరంగు మొగ్గ పీకి, ఒక పసుపు కాగితం పువ్వు మీద పేరు రాసి అంటించింది. పాప మొగ్గను చెత్తబుట్టలో వేయనీయలేదు, నోట్‌బుక్‌లో పెట్టుకుంది. ఆ గదిలో వారానికి మూడు రోజులు దానికి కుర్చీ దొరికింది. నేను కోరుకున్నది అదే, దొరికింది.

పోయే ముందు నేను ఇంకో సంగతి అడిగాను. "మొదటిసారిది, ఏం చెప్పనిది, దాన్ని తీసేయొచ్చా?"

టీచర్ తెర మీద కాసేపు వెతికి, తన దగ్గర ఆ బటన్ లేదంది. పైన అడుగుతానంది. పైన అంటే ఎవరని అడిగితే తనకూ సరిగ్గా తెలియదంది. ఆమె అబద్ధం చెప్పడం లేదని నాకు అనిపించింది, నేను అట్లా అనుకోవడం అరుదు. అంటే మా పాప ఊపిరి బిగబట్టిన ఆ కాసేపు ఎక్కడో ఉంది. మీటింగ్‌లో నేను అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు. మళ్లీ అడుగుతాను. ఈసారి ఎవరైనా నవ్వితే నవ్వు ఆగేదాకా నిలబడే ఉంటాను.

దారిలో మా అత్త ఒక్క మాట అంది. "నా మాటలకు గీత గీసినవ్ గదనే." ఇంటికి వచ్చాక నోట్‌బుక్‌లో ఆ పేజీ చింపబోయాను. పాప పట్టుకుంది. రెండు వైపులా బాగున్నాయట. ఇప్పుడు అది ఎడమ వైపు నానమ్మ దగ్గర అడిగి మరీ కొత్త మాటలు చేరుస్తోంది, కుడి వైపు నన్ను రాయమంటుంది. కొన్నింటికి కుడి వైపు ఏం రాయాలో నాకు తెలియడం లేదు.

అయితే అలవాటు పోలేదు. కంప్యూటర్ ఉన్న రోజు బడి నుంచి రాగానే అడుగుతాను, మిషిన్‌కు ఏం చెప్పినవని. మామూలుగా అది వేళ్లు లెక్కపెట్టి చెబుతుంది. మొన్న చెప్పులు విడుస్తూ, "ఏం చెప్పలే" అంది.

నా చేతిలో పని ఆగిపోయింది. దగ్గరికి పిలిచి కూర్చోబెట్టాను. ఎందుకు చెప్పలేదు, ఎవరన్నా ఏమన్నారా, మాట రాలేదా, భయమేసిందా, టీచర్ ఉందా లేదా అని ఒకదాని మీద ఒకటి అడిగాను. పాప అన్నీ విని, "కరెంట్ లేకుండెనమ్మా" అంది.

సరేనని పంపాను. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి ఆపాను అడిగాను, పొద్దున కరెంట్ పోయిందా అని.